మామిడికి కోత తర్వాతే అసలు పరీక్ష

నూజివీడు: ఏడాది పొడవునా తోటను కంటికి రెప్పలా కాచుకున్న రైతు, కోసిన కాయ మార్కెట్‌కు చేరే రెండు మూడు రోజుల్లోనే నష్టపోతున్న సందర్భాలు తక్కువేమీ కావు. సొన మరకలు, గీతలు, ముచ్చిక వద్ద కుళ్లు కనిపిస్తే వ్యాపారి ధర తగ్గించేస్తాడు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బంగినపల్లికి తోలు పలుచన కావడంతో జాగ్రత్త మరింత అవసరం.

అదను చూసి కోత

భుజాలు తొడిమ కన్నా ఎత్తుగా ఉబ్బి, నీటిలో వేస్తే మునిగే కాయ ముదిరినట్లు లెక్క. లేత కాయను మాగబెడితే తోలు ముడతలు పడుతుందే తప్ప రుచి రాదు. కొమ్మలు దులపకుండా, కత్తి, చిక్కం అమర్చిన గెడతో 8-10 సెంటీమీటర్ల తొడిమ ఉండేలా ఉదయం వేళ కోయాలి.

సొన కారనివ్వాలి

కాయలను నీడకు చేర్చి, తొడిమను ఒక సెంటీమీటరు మిగిల్చి కత్తిరించాలి. ముచ్చిక కిందికి ఉండేలా వల చట్రంపై అరగంటకు పైగా బోర్లించాలి. నేలపై పోస్తే మట్టిలోని శిలీంద్రాలు కాయకు అంటుకుంటాయి. అనంతరం శుభ్రమైన నీటితో కడగాలి. 52 డిగ్రీల సెల్సియస్ వేడి నీటిలో 5-10 నిమిషాలు ఉంచితే మచ్చ తెగులు తగ్గుతుంది. వేడి మించితే తోలు కమిలిపోతుంది కనుక థర్మామీటరు తప్పనిసరి. కాయలను ఆరబెట్టి, గాలి ఆడే ట్రేలలో సర్దాలి.

అతి చల్లదనమూ చేటే

12-13 డిగ్రీల ఉష్ణోగ్రత, 85-90 శాతం తేమ ఉన్న శీతల గదిలో పచ్చికాయలు రెండు, మూడు వారాలు నిలుస్తాయి. అంతకన్నా చల్లగా ఉంచితే తోలు నల్లబడి, బయటకు తీసిన తర్వాత సరిగా పండవు. పచ్చికాయలను ఇంటి ఫ్రిజ్‌లో పెట్టరాదనేది ఇందుకే.

కార్బైడ్ వద్దు

కార్బైడ్‌తో మాగబెట్టిన పండ్ల విక్రయాన్ని 2011 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. అందులో ఆర్సెనిక్, భాస్వరం అవశేషాలు ఉంటాయి. పై రంగు వచ్చినా లోపల పులుపు పోదు. దీనికి బదులు 100 పీపీఎం వరకు ఇథిలీన్ వాయువు వాడకానికి 2016లో అనుమతి లభించింది. ఇథిలీన్ గది అందుబాటులో లేని చిన్న రైతుకు వరిగడ్డే ఆధారం. గాలి ఆడే గదిలో గడ్డి పరచి కాయలను పలుచగా పేర్చాలి. రోజూ చూసి, మెత్తబడి కుళ్లిన వాటిని వెంటనే తీసివేయాలి. ఒక్క కాయను ఉపేక్షిస్తే పక్కనున్నవీ పాడవుతాయి.