నియోజకవర్గముల పొలిమేరలు



పొలము గట్టు జానెడు జరిగినచో ఊరిలో ఎంతటి తగవు పుట్టునో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. రాయి పాతిన కాలము, పాతించినవారి పేరు, సాక్షుల మాట, అన్నియు రచ్చబండకు వచ్చును. 2008వ సంవత్సరమున కృష్ణాజిల్లాలో ఉయ్యూరు, కంకిపాడు, ముదినేపల్లి, మల్లేశ్వరము, నిడుమోలు అను ఐదు శాసనసభా నియోజకవర్గముల పేర్లు ఒక్క యుత్తర్వుతో పటమునుండి తొలగిపోయినవి. గట్టు తగవునకు సివిలు కోర్టు కలదు. ఈ హద్దుల తగవునకు మాత్రము కోర్టు తలుపు చాలకాలము మూసియే యుండెను. అట్లేల జరిగెనో నేడు మనవిచేసెదను.

హద్దులు గీయుటలో మోసము సాధ్యమని లోకమునకు తెలియజెప్పినది అమెరికా దేశము. 1812లో మసాచుసెట్సు రాష్ట్రపు గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ తన పక్షమునకు లాభించునట్లు గీయబడిన నియోజకవర్గముల శాసనముపై సంతకము చేసెను. అందొక వర్గము మెలికలు తిరిగి సాలమాండరను బల్లివంటి జంతువును పోలియుండుటచే, బాస్టనులోని పత్రికవారు గవర్నరు పేరును జంతువు పేరును కలిపి “జెర్రీమాండరు” అని ఎగతాళి చేసిరి. ఆ మనుష్యుడు పిమ్మట దేశమునకు ఉపాధ్యక్షుడైనను, లోకము జ్ఞప్తియందుంచుకొన్నది ఆ బల్లినే.

ఈ మోసమెట్లు పనిచేయునో చిన్న లెక్కతో చూడుడు. తొమ్మిది గ్రామములున్నవనుకొందము. ఐదు గ్రామములు ఒక పక్షమువి, నాలుగు రెండవ పక్షమువి. మూడేసి గ్రామములకొక ప్రతినిధి. హద్దులు గీయువాడు మొదటి పక్షపు గ్రామములు మూడింటిని ఒకే వర్గములో కూర్చి, మిగిలిన రెండింటిని చెరియొక వర్గమునకు పంచి, అచ్చట రెండవ పక్షపు గ్రామములను రెండేసి చొప్పున చేర్చినచో, నాలుగు గ్రామముల పక్షమునకు ఇద్దరు ప్రతినిధులు, ఐదు గ్రామముల పక్షమునకు ఒక్కడే. ఎవని వోటును ఎవడును దొంగిలింపలేదు. పెట్టెలోని కాగితమొక్కటియు మారలేదు. గీత మాత్రమే మారినది.

మనదేశమున మొదటి సాధారణ యెన్నికలకు 1951లో రాష్ట్రపతి యుత్తర్వులచే హద్దులేర్పడెను. వానిని పార్లమెంటు మార్చుటకు వీలుండెను. తాను నిలువబోవు వర్గపు హద్దును తానే దిద్దుకొను అవకాశము ఏ సభ్యునకైనను ప్రలోభకరమే కదా! 1952లో ఈ పని ప్రత్యేక సంఘమున కప్పగింపబడెను. పిదప 1962, 1972, 2002 సంవత్సరముల శాసనముల క్రిందను అట్టి సంఘములే యేర్పడినవి. 2002 శాసనము ప్రకారము సుప్రీముకోర్టు న్యాయమూర్తి గాని, ఆ పదవి చేసి విరమించినవారు గాని అధ్యక్షులు. శాసనసభ్యులును పార్లమెంటు సభ్యులును సహసభ్యులుగా కూర్చుండి మాటాడవచ్చును గాని వారికి వోటు లేదు, సంతకము లేదు. ఈ యేర్పాటు మంచిదనియే నా యభిప్రాయము.

ఇచ్చట 1955 నాటి ఆంధ్రరాష్ట్రపు టెన్నికలను ఒకసారి తలంపవలెను. కృష్ణా డెల్టా ఆనాడు కమ్యూనిస్టులకు కంచుకోట. 1952లో మదరాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతమునుండి వారు 140 స్థానములలో 41 గెలిచిరి. 1955లో నూటికి 31 వోట్లు సంపాదించియు, 196 స్థానములలో వారికి దక్కినవి 15 మాత్రమే. నడుమ హద్దులు మారినవి గనుక ఇది హద్దుల మాయయే అని యెవరికైనను అనుమానము కలుగవచ్చును. నాకట్లు తోచదు. 1952లో వారి ప్రత్యర్థులు పలుచీలికలై నిలిచిరి. 1955లో కాంగ్రెసు, కృషికార్ లోక్‌పార్టీ, ప్రజాపార్టీ ఒక్క కూటమిగా నిలిచినవి. చీలిక పోగానే లెక్క తిరుగబడినది. ప్రతి వింత ఫలితమునకును హద్దు గీసినవానిని నిందించుట న్యాయము కాదు.

మన తెలుగువారి వర్గమునుగూర్చి సుప్రీముకోర్టు వరకు నడచిన వ్యాజ్యమొకటి కలదు. 1957లో పార్వతీపురము లోక్‌సభ వర్గము ఇద్దరు సభ్యుల వర్గము. అందొక స్థానము గిరిజనులకు ప్రత్యేకింపబడినది. లెక్క ముగియునప్పటికి రెండు స్థానములును గిరిజన అభ్యర్థులకే దక్కెను. ఓడినవారు సామాన్యులు కారు, అంతకుముందు కేంద్రమంత్రిగా పనిచేసి తరువాత రాష్ట్రపతియైన వి.వి. గిరిగారు. ప్రత్యేకస్థానమునకు నిలిచిన డిప్పల సూరిదొరగారు సాధారణ స్థానమును పొందుట చెల్లదని ఆయన వాదించిరి. 1959లో సుప్రీముకోర్టు ఆ వాదమును త్రోసివేసెను. ఎక్కువ వోట్లు వచ్చిన గిరిజనునకు సాధారణ స్థానమునందును హక్కు కలదని తీర్పు. 1961లో ఇద్దరు సభ్యుల వర్గములే రద్దు చేయబడినవి.

అది యెన్నిక తగవు. హద్దు తగవు వేరు. హద్దులనుగూర్చిన శాసనములను కోర్టులు ప్రశ్నింపరాదని రాజ్యాంగపు 329వ అధికరణము చెప్పుచున్నది. ఉజ్జయిని వర్గమును ప్రత్యేకస్థానముగా మార్చుటను మేఘరాజ్ కొఠారి యనువారు ప్రశ్నింపగా, 1966లో సుప్రీముకోర్టు, గెజెటులో ప్రకటింపబడిన సంఘపు టుత్తర్వు శాసనముతో సమానమనియు, దానిని కదలింపరాదనియు నిర్ణయించెను. వ్యాజ్యములతో ఎన్నికలు ఎన్నడును జరుగకుండ పోవునన్నది వారి భయము. ఆ భయము నిరాధారము కాదు.

ఇక 2008 సంగతి. న్యాయమూర్తి కుల్దీప్ సింగుగారి సంఘము 2001 జనసంఖ్యను బట్టి 294 స్థానములను జిల్లాలకు తిరిగి పంచినది. హైదరాబాదు చుట్టుపట్ల జనము విపరీతముగా పెరిగియుండెను, డెల్టాలో అంతగా పెరుగలేదు. కృష్ణాజిల్లాకు 17 స్థానములు 16 అయినవి. పశ్చిమగోదావరికి 16 పోయి 15, గుంటూరునకు 19 పోయి 17, తూర్పుగోదావరికి 21 పోయి 19. నాలుగు డెల్టా జిల్లాలలో వెరసి ఆరు స్థానములు తగ్గినవి. ఉయ్యూరు, కంకిపాడు మండలములు పెనమలూరు వర్గమున కలిసినవి. ముదినేపల్లి కైకలూరున చేరినది. నిడుమోలు స్థానమున పామఱ్ఱు, మల్లేశ్వరము స్థానమున పెడన వచ్చినవి. బెజవాడకు మధ్యవర్గము కొత్తగా పుట్టినది. నందిగామ షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడినది. ఇందు పక్షపాతమున్నదని నేననను, జనసంఖ్యయే కొలత. కాని కుటుంబములు చిన్నవైన సీమకు సభలో గొంతు తగ్గుట న్యాయమా యను ప్రశ్న నిలిచియే యున్నది. రాష్ట్రముల నడుమ ఈ ప్రశ్న రాకుండుటకే 1976లో స్థానముల సంఖ్య స్తంభింపజేయబడెను. 2001లో ఆ గడువు 2026 తరువాతి మొదటి జనాభా లెక్క వరకు పొడిగింపబడెను.

వోటు కొరకు గీసిన గీత వోటుతో ఆగదు. కృష్ణాజిల్లా 1859లో ఏర్పడినది, 1904లో గుంటూరును, 1925లో పశ్చిమగోదావరిని విడిచినది. అవి రెవెన్యూ గీతలు. 2022 ఏప్రిల్ 4న మాత్రము లోక్‌సభ వర్గమే కొలతగా కొత్త జిల్లాలు వెలసినవి. బెజవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలో పడగా, బెజవాడ వీధులతో కలిసిపోయిన కానూరు పెనమలూరు వర్గములోనిది గనుక బందరు కేంద్రమైన కృష్ణాజిల్లాలో పడెను. గన్నవరము విమానాశ్రయము సైతము అట్లే. నూజివీడు, కైకలూరు ఏలూరు పాలైనవి.

కోర్టు తలుపు ఇటీవల కొంచెము తెరువబడినది. 2024లో గుజరాతులోని బార్డోలీ వర్గపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఉత్తర్వు బొత్తిగా స్వేచ్ఛాచారమై రాజ్యాంగవిరుద్ధముగా నున్నచో తాము పరిశీలింపవచ్చుననెను. అమెరికాలో 2019నాటి తీర్పు ఇందుకు విరుద్ధము; పక్షపాతపు హద్దులను కేంద్రన్యాయస్థానములు విచారింపజాలవని వారనిరి. మన రెండు తెలుగు రాష్ట్రములకు 2014 విభజన శాసనము 175ను 225గా, 119ను 153గా పెంచుదునని వ్రాసినది. దానిని జరిపింపుడని ఆచార్య కె. పురుషోత్తమరెడ్డిగారు వేసిన వ్యాజ్యమును 2025 జూలై 25న సుప్రీముకోర్టు కొట్టివేసెను. రాజ్యాంగపు 170వ అధికరణమే అడ్డమనిరి.

కావున గ్రామస్థునకు చేతనున్న సమయమొక్కటే. 2002 శాసనములో సంఘము ముందుగా ముసాయిదా ప్రకటింపవలెను, ఆక్షేపణలకు గడువీయవలెను, బహిరంగముగా కూర్చుండి వినవలెను అని యున్నది. ఆ దినమున కాగితముతో వచ్చినవాని మాట వ్రాతలోనికెక్కును. గెజెటు అచ్చయిన మరునాడు వచ్చినవానికి మిగులునది పైన చెప్పిన ఇరుకు తలుపే.