జేబులో పట్టే పిస్టల్: 160 ఏళ్ళ కథ

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో కొందరు ఈ మాట అడుగుతుంటారు: "రోజూ వెంట ఉంచుకోడానికి, బయటికి కనపడకుండా పెట్టుకోడానికి ఏ చిన్న పిస్టల్ బాగుంటుంది?" మోడల్ పేరు చెప్పేసి ఊరుకుంటే అది చరిత్ర కాదు. అసలు తుపాకీ జేబులోకి ఎలా వచ్చింది? చిన్నదిగా చేసినప్పుడల్లా ఏం పోగొట్టుకున్నారు? ఈ రెండూ తెలిస్తే ఆ ప్రశ్నే వేరేగా కనపడుతుంది.

1865 ఏప్రిల్ 14 రాత్రికి వెళ్దాం. వాషింగ్టన్‌లోని ఫోర్డ్స్ థియేటర్. ప్రెసిడెంట్ అబ్రహం లింకన్ నాటకం చూస్తున్నారు. వెనక నుంచి జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు వచ్చి ఒకే ఒక్క గుండు పేల్చాడు. ఒకటే ఎందుకంటే ఆ పిస్టల్‌లో పట్టేదే ఒకటి. దాని పొడవు జానెడు కూడా లేదు. మర్నాడు పొద్దున లింకన్ చనిపోయారు.

ఆ పిస్టల్ చేసినాయన ఫిలడెల్ఫియాకి చెందిన హెన్రీ డెరింజర్. ఈయన చిన్న పిస్టల్ ఎంత పాపులర్ అయిందంటే, నకిలీలు కుప్పలుగా వచ్చాయి. ఆయన కోర్టుకి కూడా వెళ్ళాడు. అయినా ఆగలేదు. చివరికి ఆయన ఇంటిపేరులో ఇంకో 'ఆర్' అక్షరం చేర్చి, జేబు పిస్టల్ అంటేనే డెరింజర్ అనడం మొదలుపెట్టారు. 1866లో రెమింగ్టన్ కంపెనీ రెండు గొట్టాలు ఒకదాని మీద ఒకటి పెట్టి రెండు గుండ్ల డెరింజర్ తెచ్చింది. అది 1935 దాకా తయారవుతూనే ఉంది. అంటే దాదాపు డెబ్బై ఏళ్ళు!

ఇక్కడే మొదటి సమస్య వచ్చింది. చిన్నది చేస్తే గుండ్లు తగ్గుతాయి. గుండ్లు పెంచితే బరువు, మందం పెరుగుతాయి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. రివాల్వర్ వెనకాల బయటికి పొడుచుకొచ్చే హామర్ ఉంటుంది కదా, జేబులోంచి తీసేటప్పుడు అది బట్టకి తట్టుకుంటుంది. అందుకే స్మిత్ అండ్ వెస్సన్ 1880లలో హామర్ లోపలికి దాచేసిన రివాల్వర్ తెచ్చింది. పిడి వెనకాల ఒక మీట కూడా పెట్టింది. చేత్తో గట్టిగా పట్టుకుని నొక్కితేనే పేలుతుంది. నిమ్మకాయ పిండినట్టు ఉంటుందని జనం దానికి నిమ్మకాయ పిండే గన్ అని ముద్దుపేరు పెట్టారు.

అసలు మలుపు మాత్రం జాన్ బ్రౌనింగ్‌తో వచ్చింది. అమెరికాలో యూటా రాష్ట్రం ఆయనది. తండ్రి కూడా తుపాకులు చేసేవాడే. బ్రౌనింగ్ ఆలోచన సింపుల్. గుండు ముందుకి పోతే అంతే బలం వెనక్కి తన్నుతుంది కదా, ఆ తన్నుని ఊరికే వదిలెయ్యడం ఎందుకు? పిస్టల్ పై భాగాన్ని స్లైడ్‌గా చేసి, ఆ తన్నుతోనే దాన్ని వెనక్కి జరిపాడు. అది ఖాళీ తొడుగుని బయటికి విసిరేసి, స్ప్రింగ్ బలంతో ముందుకొస్తూ కొత్త గుండుని తోసుకొస్తుంది. గుండ్లన్నీ పిడిలోనే ఉంటాయి. రివాల్వర్‌కి ఉండే లావు చక్రం అక్కర్లేదు. పిస్టల్ పల్చగా, బల్లపరుపుగా అయింది.

బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీ ఈ డిజైన్‌తో 1900 మోడల్ తెచ్చింది, ఏడు లక్షలకు పైగా తయారుచేసింది. అమెరికాలో కోల్ట్ కంపెనీ 1903లో పాకెట్ హామర్‌లెస్ తెచ్చింది. పేరుకే హామర్‌లెస్, హామర్ లోపల ఉంటుంది! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా జనరల్స్‌కి వ్యక్తిగత ఆయుధంగా ఇచ్చింది దీన్నే.

ఇప్పుడు చరిత్ర చీకటి వైపు చూద్దాం. 1914 జూన్ 28, సారాయెవో. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌నీ, ఆయన భార్య సోఫీనీ గావ్రిలో ప్రిన్సిప్ కాల్చింది బ్రౌనింగ్ డిజైన్ చేసిన ఎఫ్‌ఎన్ 1910 మోడల్‌తో. ఆ కాల్పుల తర్వాత కొన్ని వారాలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది.

1948 జనవరి 30, ఢిల్లీలో బిర్లా హౌస్. ప్రార్థనకి వెళ్తున్న గాంధీజీకి ఎదురొచ్చి నమస్కారం పెట్టి, గాడ్సే మూడుసార్లు కాల్చాడు. అది బెరెట్టా 1934 మోడల్, ఇటలీ సైన్యం వాడిన చిన్న పిస్టల్. ఇక్కడో విషయం గమనించండి. సారాయెవోలో, ఢిల్లీలో పేలింది ఒకే రకం గుండు, పాయింట్ 380. దాన్ని రూపొందించింది కూడా బ్రౌనింగే. ఆత్మరక్షణకి అని అమ్మిన సైజే, జనంలో కలిసిపోయి దగ్గరికొచ్చేవాడికి కూడా పనికొచ్చింది. 1963లో ఆస్వాల్డ్‌ని జాక్ రూబీ పొట్టి రివాల్వర్ తీసి టీవీ లైవ్‌లో కాల్చాడు. 1968లో రాబర్ట్ కెనెడీని చంపిందీ చిన్న రివాల్వరే.

ఆ ఏడాదే అమెరికా గన్ కంట్రోల్ చట్టం తెచ్చింది. విదేశాల నుంచి వచ్చే చిన్న పిస్టళ్ళకి సైజు రూల్స్ వచ్చాయి. దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసా? జేమ్స్ బాండ్ గన్‌కి! జర్మనీ వాల్టర్ పీపీకే ఆ కొలతకి కొంచెం తక్కువైంది. కంపెనీ ఏం చేసిందంటే, పెద్దన్న లాంటి పీపీ మోడల్ కింది భాగానికి పీపీకే పై భాగం తగిలించి, పీపీకే ఎస్ అని పేరు పెట్టి అమ్మేసింది. చట్టం ఒక కొలత పెడితే కంపెనీ దానికి సరిపోయేలా గన్‌నే కొత్తగా కుట్టింది అన్నమాట.

ఇలాంటిదే 1994లో మళ్ళీ జరిగింది. అప్పటికి ఆస్ట్రియా గ్లాక్ ప్లాస్టిక్ బాడీ పిస్టళ్ళు వచ్చేశాయి. 1988లో వచ్చిన గ్లాక్ 19లో 15 గుండ్లు పట్టేవి. 1994 చట్టం కొత్త మ్యాగజైన్‌లలో పదికి మించకూడదు అంది. సరే, పదే అయితే అంత పెద్ద పిడి ఎందుకు? 1995లో పది గుండ్లతో బుల్లి గ్లాక్ 26 వచ్చింది. ఇంకోపక్క 1987లో ఫ్లోరిడా, అర్హత ఉన్నవాళ్ళు అడిగితే దాచి తీసుకెళ్ళే లైసెన్స్ ఇవ్వాల్సిందే అని చట్టం చేసింది. చాలా రాష్ట్రాలు అదే దారి పట్టాయి. 1994 చట్టం 2004లో ముగిసింది గానీ, చిన్న పిస్టల్ మార్కెట్ మాత్రం ఆగలేదు. 2018లో సిగ్ పీ365 అంగుళం మందంలో పది గుండ్లు పట్టించింది. 2022లో సుప్రీంకోర్టు, లైసెన్స్‌కి ప్రత్యేక కారణం చూపించాలన్న న్యూయార్క్ నిబంధనని కొట్టేసింది.

మరి మన దేశంలో? 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తుపాకీ ఉంచుకోవడమే నేరం. 2014లో కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ మహిళల కోసమని నిర్భీక్ అనే అర కిలో రివాల్వర్ తెచ్చింది. అప్పట్లో ధర లక్షా 22 వేలు! లైసెన్స్ ఎలాగూ కావాలి. ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన ఈ గన్ మీద పెద్ద చర్చే నడిచింది. ఆడవాళ్ళ భద్రత ప్రభుత్వం బాధ్యతా, లేక వాళ్ళ హ్యాండ్‌బ్యాగ్ బాధ్యతా అని.

సో, మొదటి ప్రశ్నకి వద్దాం. 160 ఏళ్ళలో ఇంజనీర్లు గుండ్ల సంఖ్య సమస్య చాలావరకు తీర్చేశారు. తీరనివి కొన్ని ఉన్నాయి. పిస్టల్ తేలికయ్యే కొద్దీ తన్ను ఎక్కువ. పిడి పొట్టిదయితే పట్టు తక్కువ. బారెల్ పొట్టిదయితే గురి కష్టం. అంటే అతి చిన్న గన్ నిజానికి బాగా ప్రాక్టీస్ ఉన్నవాడి గన్, కొత్తవాడిది కాదు. షాపులో చేతికి ముద్దొచ్చింది కదా అని కొనేవాళ్ళకి తెలియనిది ఇదే.

ఇంకో ముఖ్యమైన మాట, అమెరికాలో చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, జాగ్రత్తగా వినండి. ఎఫ్-1, హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ గుండ్లు గానీ దగ్గర ఉంచుకోవడం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రూమ్‌మేట్ దగ్గర ఉంది కదా, ఒకసారి పట్టుకుని ఫోటో దిగుదాం అనుకోకండి. వీసా పోతుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఆ దేశంలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అంటే ఇంట్లో ఉన్న గన్‌తో ఎక్కువ ప్రమాదం దొంగకి కాదు, మనసు బాగోలేని రోజున మనకే.

చట్టప్రకారం హక్కున్నవాళ్ళు కొనుక్కుంటారు, అది వాళ్ళిష్టం. కానీ ఏ మోడల్ అని అడిగేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. నాకు చట్టం ఒప్పుకుంటుందా? నెలనెలా ప్రాక్టీస్ చేసే ఓపిక ఉందా? ఇంట్లో పిల్లలకి అందకుండా తాళం వేసే చోటుందా? ఒక్కదానికి "లేదు" అని జవాబొచ్చినా, షాపు దాకా వెళ్ళక్కర్లేదు.

ఇదీ ఈరోజు కథ. అమెరికాలో ఉన్న మీ ఫ్రెండ్‌కో, కజిన్‌కో ఆ వీసా సంగతి ఒక్కటైనా చెప్పండి.