వలెస్కా గెర్ట్: మంత్రగత్తె వంటగది

1920 ప్రాంతం. బెర్లిన్‌లో ఒక సినిమా హాలు. ఒక రీలు అయిపోయింది, రెండో రీలు ఎక్కిస్తున్నారు. ఆ మధ్యలో తెర ముందుకి ఒకామె వచ్చి నిలబడింది. డాన్సరు కదా, ఏం చేస్తుందా అని జనం చూస్తున్నారు. ఆమె కదల్లేదు. కాసేపలా నిలబడి వెళ్లిపోయింది. డాన్సు అదే. పేరు 'విరామం'. ఊరంతా ట్రాములూ కార్లూ పరుగులు పెడుతుంటే, ఊరికే నిలబడడం కూడా చూడాల్సిన విషయమే అని ఆమె లెక్క. జాన్ కేజ్ నిశ్శబ్దాన్ని కచేరీగా వినిపించింది 1952లో, అంటే దాదాపు ముప్ఫయ్యేళ్ల తర్వాత.

క్యాబరే అనగానే మనకి విలన్ డెన్, మందు గ్లాసులు, జ్యోతిలక్ష్మి పాట గుర్తొస్తాయి. జర్మన్ క్యాబరేలో పాటా డాన్సూ ఉండేవి కానీ, వాటితోపాటు వెక్కిరింత ఉండేది, రాజకీయం ఉండేది. అక్కడ కూడా ఆడమనిషి స్టేజి ఎక్కితే కళ్లకి ఇంపుగా ఉండాలనే అనుకునేవాళ్లు. వలెస్కా గెర్ట్ ఆ ముచ్చట తీర్చలేదు.

అసలు పేరు గెర్ట్రూడ్ సామోష్. 1892లో బెర్లిన్‌లో ఒక యూదు వ్యాపారి ఇంట్లో పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో తండ్రి వ్యాపారం దెబ్బతింది, తన తిండి తను సంపాదించుకోవాల్సి వచ్చింది. 1916లో మొదటిసారి డాన్సరుగా స్టేజి ఎక్కింది. తర్వాత ఆమె చేసినవాటి పేర్లు చూస్తే నాట్యాల జాబితాలా ఉండదు: బాక్సింగ్, సర్కస్, రోడ్డు మీద ట్రాఫిక్, చావు. 'చావు'లో బిగుసుకున్న పిడికిళ్లూ నోరూ మెల్లగా వదులై, చివరికి తల వాలిపోతుంది. 'కనాయ్' అనే దాంట్లో ఆమె ఒక వేశ్య. విటుడి కోసం ఎదురుచూడటం, సంభోగం, ఆ తర్వాత మిగిలే ఖాళీ, అన్నీ బట్టల మీదే, ఒక్క శరీరంతోనే చూపించింది. 1925లో సూజె బ్యూక్ తీసిన చిన్న ఫిల్ములో వీటి ముక్కలు కొన్ని మిగిలాయి. ఇప్పుడు చూసినా కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

పెద్దమనుషులంటే తనకి పడదనీ, అందుకే వాళ్లు చీదరించుకునేవాళ్లని ఆడానని ఆమె రాసుకుంది. బ్రెహ్ట్ 1922లో మ్యూనిక్‌లో నడిపిన అర్ధరాత్రి ప్రదర్శనలో ఆమె కూడా ఉంది. పాబ్స్ట్ సినిమాల్లో నటించింది. 1931 నాటి 'త్రీపెన్నీ ఒపేరా'లో మిసెస్ పీచమ్ ఆమే. 1932లో బెర్లిన్‌లో సొంత క్యాబరే పెట్టుకుంది. మరుసటేడు హిట్లరొచ్చాడు. యూదు మనిషి, పైగా ఇలాంటి డాన్సులు. జర్మనీలో ఇక స్టేజి లేదు.

లండన్‌లో కొన్నాళ్లుండి, 1930ల చివర్లో అమెరికా చేరింది. యాభైకి దగ్గర పడుతున్న వయసులో గిన్నెలు కడిగింది, చిత్రకారులకి నగ్నంగా మోడల్‌గా కూర్చుంది. 1941లో న్యూయార్క్ గ్రెనిచ్ విలేజ్‌లో ఒక బేస్‌మెంట్ తీసుకుని 'బెగ్గర్ బార్' తెరిచింది. ఒకదానికొకటి పొంతనలేని కుర్చీలూ బల్లలూ. అక్కడ కొన్నాళ్లు బల్లలు తుడిచిన కుర్రాడు టెనెసీ విలియమ్స్. టిప్పులన్నీ ఒకచోట వేసి అందరూ పంచుకోవాలని ఆమె పట్టు. అతను కుదరదన్నాడు, పని పోయింది. తర్వాత ప్రావిన్స్‌టౌన్‌లో కిటికీలోంచి చెత్త పారేసిందనీ, తనతో ఆడిన డాన్సరుకి డబ్బు ఎగ్గొట్టిందనీ ఆమె మీద కేసు పడితే, ఆమె తరఫున సాక్ష్యం చెప్పింది ఆ విలియమ్సే. ఎందుకు చెప్పావయ్యా అంటే, ఆవిడంటే నాకిష్టం అన్నాడట. ఆమెతో వేగడం ఎంత కష్టమో, ఆమెని వదులుకోవడం కూడా అంతే కష్టమనుకుంటా.

1945లో బార్ మూతపడింది. 1947లో యూరప్‌కి తిరిగొచ్చింది. ప్యారిస్, జ్యూరిక్ దాటుకుని 1949లో బెర్లిన్. వలెస్కా గురించి రాసేవాళ్లు ఎక్కువగా 1920ల దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం ఆమె తెగువ కనిపించేది ఇక్కడ. 1950లో శిథిలాల మధ్య ఆమె తెరిచిన క్యాబరే పేరు 'హెక్సెన్‌క్యూషె', అంటే మంత్రగత్తె వంటగది. అక్కడ ఆమె ఆడిన పాత్రల్లో ఒకటి ఇల్సె కోఖ్, బూఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం కమాండెంటు పెళ్లాం. అదేదో పాత చరిత్ర కాదు. అమెరికన్ సైనిక కోర్టు ఆమెకి 1947లో యావజ్జీవం వేసింది, మరుసటేడు దాన్ని నాలుగేళ్లకి తగ్గించారు, పెద్ద గొడవైంది. 1951లో జర్మన్ కోర్టు మళ్లీ యావజ్జీవం వేసింది. మరోవైపు పశ్చిమ జర్మనీ పార్లమెంటు 1949లోనూ 1954లోనూ క్షమాభిక్ష చట్టాలు చేసింది. జరిగిందేదో జరిగింది, ఇక వదిలేద్దాం అన్నదే అప్పటి గాలి.

అలాంటి ఊళ్లో, ఆ జనం ముందు, నాజీల నుంచి తప్పించుకుపోయిన ఒక యూదు మనిషి నాజీ ఆడదానిగా నిలబడింది. వేలెత్తి చూపించడం తేలిక, బాధితురాలిగా కన్నీళ్లు పెట్టుకుంటే జాలి కూడా దొరికేది. ఆమె ఆ రెండూ కాకుండా, 'కనాయ్'లో వేశ్యగా మారినట్టే ఇక్కడ ఆ హంతకురాలిగా మారింది. పద్ధతి పాతదే. కాకపోతే అప్పట్లో ఎదురుగా కూర్చున్నవాళ్లు, అది వేరే రకం మనుషుల కథ అనుకుని ఇంటికెళ్లిపోవచ్చు. 1950లో ఆ వీలు అంతగా లేదు.

తర్వాత ఉత్తర సముద్రంలో ఉన్న జ్యూల్ట్ దీవిలో, డబ్బున్నవాళ్లు సెలవులకొచ్చే కాంపెన్‌లో, 'మేకల కొట్టం' అని ఇంకో బార్ పెట్టింది. 1965లో ఫెల్లినీ 'జూలియట్ ఆఫ్ ది స్పిరిట్స్'లో ఆమెకి ఆడో మగో తెలియని ఒక జ్యోతిష్య గురువు వేషం ఇచ్చాడు. ఆ పాత్ర పేరు భీష్మ! శిఖండి అని పెట్టినా సరిపోయేది. 1968లో వచ్చిన ఆత్మకథకి 'నేనొక మంత్రగత్తెని' అని తనే పేరు పెట్టుకుంది. 1977లో ష్లోన్‌డోర్ఫ్ ఆమె మీద డాక్యుమెంటరీ తీశాడు. అందులో ఎనభై ఐదేళ్ల మనిషి తన పాత డాన్సుల్ని మాటల్లో చెబుతూ చెబుతూ, ఉన్నట్టుండి ముఖంతో ఆడేస్తుంటుంది.

1978 మార్చి 1న వెర్నర్ హెర్జోగ్ తీయబోయే 'నోస్ఫెరాటు'కి కాంట్రాక్టు సంతకం చేసింది. డ్రాక్యులాకి ఇల్లు కుదిర్చే పిచ్చి బ్రోకరు వేషం, అసలైతే మగవాడిది. రెండు వారాల తర్వాత, నాలుగు రోజులుగా మనిషి కనబడట్లేదని ఇరుగుపొరుగువాళ్లు కాంపెన్‌లో ఆమె ఇంటి తలుపు తీయించారు. అప్పటికే చనిపోయి ఉంది. ఆ వేషం చివరికి రోలాన్ తోపోర్ వేశాడు.