పక్క చీటీ నుంచి బొమ్మ లోపలికి

1903లో దొరాబ్జీ టాటా ఒక అధికారిని కలవడానికి నాగపూర్ వెళ్లారు. ఉక్కు కర్మాగారానికి సరిపడే ఖనిజం దొరకలేదు, ఈ ప్రయత్నం ఇక మానుకుంటాం అని చెప్పి రావాలన్నది ఉద్దేశం. అధికారి గదిలో లేరు. ఊరికే కూర్చోలేక దగ్గర్లోని మ్యూజియంలోకి నడిచారు. అక్కడ భూగర్భ సర్వే వాళ్ల పటం ఒకటి కంటబడింది. దుర్గ్ జిల్లా మీద ముదురు రంగు పూసి ఉంది, అంటే అక్కడ ఇనుము ఉన్నట్టు. ఆశ మళ్లీ చిగురించింది. మరుసటి ఏడాది భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ మయూర్‌భంజ్ కొండల గురించి దొరాబ్జీ తండ్రి జంషెడ్‌జీకి ఉత్తరం రాశారు. చివరికి ఆ కొండల ఖనిజమే కర్మాగారాన్ని సాక్చికి, అంటే నేటి జంషెడ్‌పూర్‌కి రప్పించింది.

చూడగానే చోటు తెలిసిపోవడం, కాగితం పటంతో ఉన్న సుఖమే అది. అంచుల్లో అక్షాంశాలు, రేఖాంశాలు అచ్చయి ఉంటాయి. సర్వే ఆఫ్ ఇండియా 73 జె షీట్లు ఎవరి చేతికొచ్చినా, ఆ ఊరి దగ్గర సువర్ణరేఖలో ఖర్కాయి నది కలిసే చోటును వేలుపెట్టి చూపించవచ్చు. బొమ్మలు కంప్యూటర్లలోకి వచ్చాక ఈ సుఖం పోయింది. ఉపగ్రహ చిత్రమంటే కంప్యూటర్‌కి వరసలు వరసలుగా అంకెలు, అంతే. ఏ అంకె ఏ నేలదో వేరే ఫైల్‌లో రాసి పక్కన పెట్టేవారు. వడ్లబస్తాకి కట్టిన చీటీ లాంటిదది. దారిలో ఊడిపోతే సరుకు ఎవరిదో చెప్పే నాథుడుండడు. ఈ చీటీల్లో ఒక రకానికి వరల్డ్ ఫైల్ అని పేరు. అందులో ఆరే వరసలు, వరసకో అంకె. నాలుగో అంకెకి సాధారణంగా మైనస్ గుర్తుంటుంది. బొమ్మలో వరసల్ని పైనుంచి కిందికి లెక్కపెడతాం, నేల మీద ఉత్తర దిశను కిందినుంచి పైకి కొలుస్తాం కదా, అందుకని. ఆ గుర్తు మరిచిపోతే ఊరు తలకిందులవుతుంది. ఇంతా చేసి, ఆ అంకెలు మీటర్లో డిగ్రీలో మాత్రం అందులో ఎక్కడా ఉండదు.

ఈ చీటీని బొమ్మలోనే ఇమిడ్చే దారి చూపింది పటాలతో ఏ సంబంధమూ లేని ఫైల్. 1986లో ఆల్డస్ కంపెనీ స్కానర్ బొమ్మల కోసం టిఫ్ అనే రూపాన్ని తయారుచేసింది. అందులో ప్రతి వివరానికీ నంబరున్న ట్యాగ్ ఒకటి ఉంటుంది. కావాలంటే ఎవరికి వాళ్లు సొంత ట్యాగులు నమోదు చేయించుకోవచ్చు. చదివే ప్రోగ్రాం తనకు తెలియని ట్యాగ్‌ని చూస్తే దాటుకుని ముందుకు పోతుంది. పేజీలు అచ్చువేసే వాళ్ల కోసం పెట్టిన ఈ వెసులుబాటు భౌగోళికుల పాలిట అయాచిత వరమైంది. శామ్ లెఫ్లర్ రాసిన లిబ్‌టిఫ్ ఉచితంగానే దొరుకుతుండేది కాబట్టి టిఫ్‌ని చదివే పని కూడా ఎవరూ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేకపోయింది.

1990ల మొదట్లో ఇంటర్‌గ్రాఫ్ కంపెనీలో ఎడ్ గ్రిసమ్ తదితరులు టిఫ్‌లో చోటు వివరాలు ఇమిడ్చే ప్రయత్నం మొదలుపెట్టారు. అయితే ఒక కంపెనీ పద్ధతి మరో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి అర్థం కావాలిగా! 1994లో నాసా జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలోని నైల్స్ రిట్టర్ అందరినీ ఒక చర్చలోకి లాగారు. 1995 మార్చిలో స్పాట్ ఇమేజ్ సంస్థ ఆతిథ్యంలో, మార్కెట్లో ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీల వాళ్లు ఒకే గదిలో కూర్చున్నారు. నా మటుకు ఈ కథలో అసలు సాహసం అదే. అక్కడ తేలినదాన్ని రిట్టర్, స్పాట్ తరఫున మైక్ రూత్ కలిసి కాగితం మీద పెట్టారు. జియోటిఫ్ పుట్టింది.

చిక్కేమిటంటే, నేల కొలతల వివరాలు డజన్ల కొద్దీ ఉంటాయి, అన్నిటికీ ట్యాగులు అడిగితే ఎవరిస్తారు? అందుకే ఆరు ట్యాగులతో సరిపెట్టి, వాటిలో ఒకదాన్ని సూచికగా చేసి, మిగతా వివరాలన్నీ దాని కింద సర్దారు. కొలమానాలకు యూరప్ చమురు సర్వేయర్లు ఇచ్చుకున్న నంబర్లనే వాడుకున్నారు. జంషెడ్‌పూర్ బొమ్మలో 32645 అని ఉంటే చాలు, భూమి ఆకారానికి నేటి డబ్ల్యూజీఎస్ 84 లెక్క, పటం గళ్లలో యూటీఎం 45వ మండలం, భూమధ్యరేఖకు ఉత్తరం అని తెలిసిపోతుంది. ఆ ఒక్క నంబరు విలువ మన పాత షీట్ల దగ్గర తెలుస్తుంది. అవి భూమి ఆకారానికి 1830లో వేసిన ఎవరెస్ట్ గోళాభం లెక్క మీద గీసినవి. ఆ లెక్కను కొత్త లెక్కగా పొరబడితే జంషెడ్‌పూర్ రెండు వందల మీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది; కొలిమి మీద రోడ్డు పోతుంది.

1998లో ఫ్రాంక్ వార్మర్‌డామ్ ఉద్యోగం వదిలి సొంతంగా పనిచేస్తూ జీడాల్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టారు. పటాల ఫైళ్లకు ఎన్ని రూపాలున్నా ప్రోగ్రాం ఒకే తీరుగా చదవాలన్నది ఆయన పట్టుదల. క్యూజీఐఎస్ లాంటి పటాల సాఫ్ట్‌వేర్లు జియోటిఫ్ తెరిచేది దీనితోనే. హైదరాబాద్‌ ఎన్ఆర్ఎస్‌సీ వారి భువన్ వెబ్‌సైట్ నుంచి దించుకునే కార్టోసాట్ ఉపగ్రహపు ఎత్తుల పటాలూ ఈ రూపంలోనే వస్తాయి.

ఎత్తుల పటాల దగ్గరే మరో ముడి పడింది. బొమ్మలో గడి అంటే నేలముక్కా, లేక ఒక బిందువా? జియోటిఫ్ రెంటికీ చోటిచ్చింది. జీడాల్ మాత్రం చాలా ఏళ్లు ఆ తేడాను లెక్కలోకి తీసుకోలేదు. దాంతో బిందువు పద్ధతి ఫైళ్లు అర గడి పక్కకు కూర్చునేవి. గడి 30 మీటర్లదైతే తేడా 15 మీటర్లు. 2011లో 1.8 వెర్షన్‌లో దీన్ని దిద్దారు. దిద్దితే పాత తప్పును సర్దుకుని పనులు చేసుకున్న వాళ్ల లెక్కలు తప్పుతాయి కదా! వాళ్ల కోసం పాత పద్ధతిలోనే చదవమనే మీటనూ ఒకటి అందులోనే ఉంచారు.