ఆరణాల మూలధనం

1925లో మలబారు జిల్లా వడకర దగ్గర ఊరాళుంగల్‌లో పద్నాలుగు మంది కూలీలు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. అందరూ కలిపి వేసిన మూలధనం ఆరణాలు, ఇప్పటి లెక్కలో 37 పైసలు. మన కోస్తా, సీమ జిల్లాల్లాగే మలబారు కూడా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

వ్యాపారం మీద ఆశతో పెట్టిన సంఘం కాదిది. పని దొరక్క పెట్టుకున్నది. 1917లో ఆత్మవిద్యా సంఘం స్థాపించిన వాగ్భటానంద గురువు కులభేదాలనూ మూఢాచారాలనూ గట్టిగా ఎదిరించారు. ఆయన వెంట నడిచిన కూలీలకు భూస్వాములు పనులు మానిపించారు. ఒకరి గుమ్మం ముందు నిలబడే బదులు మనమే పని పట్టుకుందామని గురువు ఇచ్చిన ధైర్యంతో వాళ్లు గుత్తేదార్లయ్యారు. చాలా ఏళ్లపాటు దక్కినవి చిన్నా చితకా పనులే.

నిర్మాణ రంగంలో పని వచ్చినవాడికీ పని పట్టేవాడికీ మధ్య ఉన్న అగాధం మనకు తెలియంది కాదు. పాలమూరు మేస్త్రీనే చూడండి. గోడ తూకం, కాంక్రీటు పాళ్లు, ఏ పనికి ఎందరు కావాలో కంటిచూపుతో చెప్పేస్తాడు. దేశంలో ఎన్ని ఆనకట్టల కింద పాలమూరు చెమట లేదు! అయినా టెండరు వేయలేడు. ధరావతు కట్టాలి, బ్యాంకు గ్యారంటీ చూపాలి, బిల్లు వచ్చేదాకా కూలీల కడుపు నింపాలి. అందుకే తరతరాలుగా అడ్వాన్సు తీసుకుని సబ్ కాంట్రాక్టు దగ్గరే ఆగిపోతున్నాడు. ఇది నైపుణ్యం లోటు కాదు, చేతిలో ఆడే డబ్బు లోటు.

ఊరాళుంగల్ వాళ్లు సరిగ్గా ఆ ముడినే విప్పారు. సహకార సంఘం కాబట్టి చుట్టుపక్కల జనం దగ్గర డిపాజిట్లు తీసుకోగలిగారు. మిగులును యంత్రాల మీద పెట్టారు. సొంత క్వారీలు, క్రషర్లు సమకూర్చుకున్నారు. కంకర కోసం ఇంకొకరి దయ మీద ఆధారపడే అవసరం తగ్గింది.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది వాళ్ల సాయంత్రపు సమావేశం. డైరెక్టర్లంతా కూలీలుగా వచ్చినవాళ్లే, సభ్యులు ఎన్నుకున్నవాళ్లే. పొద్దుగూకాక సైటు లీడర్లు వాళ్ల ముందు కూర్చుంటారు. ఎంత పని సాగింది, ఎందరు వచ్చారు, ఏ సరుకు తక్కువపడింది, రేపు రోలరు ఎక్కడికి పోవాలి... అన్నీ ఆ పూటే తేలిపోతాయి. పెద్ద కంపెనీలో ఇదే కబురు హెడ్డాఫీసుకు చేరి తిరిగొచ్చేలోగా వారం గడుస్తుంది. సైటు మీద వారం అంటే ఊరికే పోయే డబ్బు.

కాసరగోడ్ జిల్లాలో 66వ నంబరు జాతీయ రహదారిని ఆరు వరుసలుగా విస్తరించే పనిలో తలప్పాడి నుంచి చెంగళ వరకు 39 కిలోమీటర్ల భాగాన్ని ఈ సంఘం పోటీ టెండరులో గెలుచుకుంది. దానికి ఆనుకుని దక్షిణాన చెంగళ–నీలేశ్వరం భాగం పట్టింది హైదరాబాద్ మేఘా సంస్థ. ఒకే రోడ్డు మీద పక్కపక్కనే రెండు రకాల సంస్థలు.

ఇప్పుడు సంఘానికి కొత్త పరీక్ష ఎదురైంది. స్థానిక యువకులు పార పట్టడం తగ్గి, సైట్ల మీదకు ఇతర రాష్ట్రాల వలస కూలీలు వస్తున్నారు. వాళ్లకు కూలీతోపాటు ఓటూ ఉంటుందా అన్నది ఊరాళుంగల్ తేల్చుకోవాలి.