కంజు పిట్ట: నంద్యాల మెట్టల్లో

కంజు పిట్ట కోడి వంశానికి చెందిన, పిడికిట్లో ఇమిడే నేల పక్షి. చెట్టెక్కడం దీనికి అలవాటు లేదు. గడ్డిలో, జొన్న చేలో, రేగు పొదల చాటున నడిచి మేస్తుంది; ప్రమాదం మీదికొచ్చేదాకా కదలకుండా నక్కి, కాలి కిందనుంచే అన్నట్టు బుర్రున లేస్తుంది. ఎగిరేది కొద్ది దూరమే. మళ్లీ గడ్డిలోకి దిగి మాయమవుతుంది.

నల్లమల అంచున ఉన్న పాములపాడు, మిడుతూరు, ఆత్మకూరు ప్రాంతపు నల్లరేగడి చేలు, రాతి మెట్టలు ఇలాంటి పిట్టలకు సరిపోయిన నేల. వానాకాలంలో గడ్డి ఏపుగా లేచేసరికి మగ వాన కంజు కూత మొదలుపెడుతుంది. దాని రొమ్ము మీద నల్లటి మచ్చ ఉంటుంది, బరువు 70 గ్రాముల లోపే. పొద్దున, సాయంత్రం రెండేసి ముక్కలుగా కూసే ఈ పిట్ట జతకట్టే రోజుల్లో రాత్రిళ్లు కూడా ఊరుకోదు. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి పెద్ద కంజులు వస్తాయి. అంత చిన్న రెక్కలతో అంత దూరం ఎలా వస్తాయో చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

పొద కంజులది మరో తీరు. అవి వలసపోవు, గుంపుగా ఉంటాయి. అడుగుల చప్పుడు వినగానే ఒక్కసారిగా నలుదిక్కులా చెదిరిపోయి, అలికిడి తగ్గాక ఒకదాన్నొకటి పిలుచుకుంటూ మళ్లీ ఒకచోట చేరతాయి. రాతి నేలల్లో తిరిగే పొద కంజు మగదాని పొట్ట మీద నలుపు తెలుపు చారలుంటాయి. దక్కనులో దొరికిన ఈ పిట్టను 1832లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు కల్నల్ సైక్స్. దక్షిణాది ఎర్రమట్టి నేలల్లో దీని ఉపజాతి ఒకటి ఆ మట్టి రంగునే పుణికి పుచ్చుకుంది. దానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టారు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ 1862–64 మధ్య వెలువరించిన భారత పక్షుల గ్రంథంలో ఈ పిట్టలకు తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు.

వీటితో కలిపి లెక్కేసే పూరేడు పిట్ట మాత్రం అసలు కంజే కాదు. కాలికి వెనక వేలు ఉండదు. జన్యు పరీక్షల్లో ఇది కోడి కన్నా ఉల్లంకి పిట్టలకే దగ్గరి చుట్టమని తేలింది. సంసారం కూడా తలకిందులే. రంగు, పొగరు, గొంతు అన్నీ ఆడదానివి. దూరంగా మోటారు సైకిలు పోతున్నట్టు గుర్రుమంటూ మగవాణ్ణి పిలిచి, గుడ్లు పెట్టి, ఇంకో మగవాణ్ణి వెతుక్కుంటూ పోతుంది. పొదగడం, పిల్లల్ని సాకడం మగదాని వంతు.

మనిషికి ఈ పిట్టలతో సంబంధం చాలా పాతది. తోడేలు నోట చిక్కిన కంజును అశ్వినీ దేవతలు విడిపించిన ముచ్చట రుగ్వేదంలో ఉంది. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడి పేరిట వెలసిన మానసోల్లాసం రాజుల వినోదాల్లో లావుక (కంజు) పందేలను కూడా చేర్చింది. పల్లెల్లో ఉచ్చులు, వలలు, దీమపు పిట్టలతో వేట మొన్నమొన్నటిదాకా మామూలు సంగతి.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి జాబితాలో పైన చెప్పిన పిట్టలన్నీ ‘ముప్పు లేనివి’ కిందే ఉన్నాయి. ఆ మాట చూసి నిశ్చింతగా ఉండడానికి మాత్రం వీల్లేదు. 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక గడ్డి నేలల, బయలు నేలల పక్షులు వేగంగా తగ్గుతున్నాయని చెప్పింది. హిమాలయ కంజు 1876లో నైనిటాల్ దగ్గర దొరికాక మళ్లీ రూఢిగా ఎవరికీ చిక్కలేదు.

నంద్యాల వైపు మారింది పిట్ట కాదు, నేల. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు మీదుగా సుమారు 16 కిలోమీటర్లు వచ్చిన నీరు పాములపాడు మండలంలోని బనకచెర్ల దగ్గర చీలి తెలుగుగంగకు, శ్రీశైలం కుడిగట్టు కాలువకు, కేసీ కెనాల్‌కు పోతుంది. రైతుకు అది వరం, కాదనలేం. అయితే జొన్న, కొర్ర పండిన మెట్టలోకి తడి పైరు వస్తే కంజుకు గడ్డి మిగలదు. పురుగుమందు కొట్టిన చేలో పురుగులూ మిగలవు. పుట్టిన కొద్ది రోజులు పిల్లలకు అవే ఆహారం. బీడు, గుట్ట, గడ్డి నేలలను రికార్డుల్లో ‘బంజరు’గా రాసుకునే పద్ధతి ఈ కష్టాన్ని ఇంకాస్త ముదరబెట్టింది. పనికిరాని నేల అని పేరుపడ్డాక దాన్ని దున్నినా, చెట్లు నాటి నింపినా అడిగేవాడుండడు.

కంజు కోసమంటూ నంద్యాల జిల్లాలో అభయారణ్యం లేదు. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యమే, సుమారు 6 చదరపు కిలోమీటర్ల గడ్డి నేల, వీటికీ నీడ. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు 1980ల్లో అక్కడ బట్టమేకను అధ్యయనం చేశారు. ఇప్పుడు బట్టమేక అక్కడ కనిపించడం గగనమైంది. అది పోయినా గడ్డిని కాపాడాల్సిన పని పోలేదు.

అడవి కంజును పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. హోటళ్లలో దొరికే ‘కౌజు పిట్ట’ సాధారణంగా ఫారాల్లో పెంచే జపాన్ జాతి. అది 1974లో ఇజ్జత్‌నగర్ పరిశోధన కేంద్రం ద్వారా దేశంలోకి వచ్చింది. ఆరేడు వారాలకే గుడ్లకు వచ్చే ఆ పెంపుడు పిట్ట 150 గ్రాములు దాటుతుంది. వేటాడిన వాన కంజు అందులో సగం కూడా తూగదు. తోలు ఒలిచి మసాలా పట్టించాక తేడా పట్టుకోవడానికి తనిఖీదారుకు అక్కడికక్కడ మిగిలే ఆనవాలు ఆ బరువే.