మాయాబజారు: కానరాని తండ్రులు

కమలాపురమునకు దక్షిణమున, కడప జిల్లాలోనే, చక్రాయపేట ప్రాంతమున సురభి యను గ్రామము కలదు. వనారస గోవిందరావుగారి నాటకసమాజము 1885లో అచట 'కీచకవధ'తో ఆరంభమయ్యెను. ఆ సమాజమున నటులు ఒక్క కుటుంబమువారు. తల్లిదండ్రులును బిడ్డలును ఒక్క రంగముపైననే వేషములు ధరింతురు. అట్టివారు తరతరములుగా ఆడుచువచ్చిన 'మాయాబజారు' తండ్రి చెంత లేని బిడ్డల కథ యగుట విచిత్రము.

శశిరేఖా వివాహకథ వ్యాసభారతమున లేదు. పాండవుల వనవాసకాలమున అభిమన్యుడు మేనమామల యింట ద్వారకలో పెరుగుట మాత్రము అందు కలదు. తెలుగువారి కల్పనకు చోటిచ్చినది ఆ యెడబాటేయని మా యభిప్రాయము.

1957లో కె.వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయా సంస్థ చిత్రము వెలువడినది. ఆ సంస్థ నిర్మాతలలో నొకరగు బి. నాగిరెడ్డిగారు ఈ జిల్లావారే. పాండవుల యింటి కథయే యైనను అందు పాండవు లొక్కరును తెరపై కానరారు. ఇది పాత్రలను తగ్గించుటకై చేసిన పని యనవచ్చును, మేమట్లు తలపము. ఘటోత్కచుని చూడుడు. అడవికెల్ల రాజు, తల్లి పెంపకమున ఎదిగినవాడు. తండ్రివైపు వారితో ముఖపరిచయము లేదు. తన యెల్లలో జొచ్చిన రథము నడ్డగించి, తమ్ముడని యెఱుగక అభిమన్యుని పడగొట్టును. సుభద్ర విల్లు చేతబట్టి తానెవరో పలికిన పిదపనే బంధుత్వము తెలియును. భీముడుగాని అర్జునుడుగాని వచ్చి చెప్పినది కాదు. తండ్రి అచట ఒక పేరు మాత్రమే. ఆ పేరు వినబడినంతనే ఒంటరివానికి తమ్ముడు దొరకెను.

ఇక ప్రియదర్శిని. మన దేశమున దూరదర్శన ప్రసారములు ఢిల్లీలో 1959లో మొదలైనవి. అంతకు రెండేండ్లు ముందే ఈ పెట్టె తెరకెక్కినది. విజ్ఞానకల్పన కథలలోని యంత్రములకు ఇది చుట్టమే. చూచువారికి ప్రియమైనది అందు కనబడును. శశిరేఖకు అభిమన్యుడు కనబడును, మాటాడును, పాడును. పెట్టె మూసిన పిదప ఆమె మరల ఒంటరిదే.

హాస్యమంతయు దీని తరువాతిది. కథలో కన్నులయెదుట నున్న తండ్రి బలరాముడు. ఆయన యింట ఘటోత్కచుడు శశిరేఖ రూపున మెలగును. సావిత్రిగారు ఆడురూపున మగనడకను, రాక్షసుని హుంకారమును చూపగా ప్రేక్షకులు పొట్ట చెక్కలగునట్లు నవ్వుదురు. బలరాముడు మాత్రము ఆమె తన బిడ్డయేయని నమ్మి, పెండ్లికి వెంటబెట్టుకొని పోవును.